అరవై ఒక్క రోజుల దుంపలు

వేట నిషేధం ముగిసిన పొద్దున్న
బోటు కింది అర మూత లేపాను.
ముందు వాసన వచ్చింది:
డీజిలు, ఎండిన ఉప్పు, పాత వల,
వాటి వెనకాల మొహమాటంగా
మట్టి.

మూలన గోనెసంచి.
ఏప్రిల్‌లో ఆఖరి వేటకి పూర్ణా మార్కెట్‌లో ఎత్తుకొచ్చి
దిగే హడావుడిలో మరిచిపోయిన బంగాళాదుంపలు.
సంచి నేత సందుల్లోంచి తెల్లటి వేళ్లు చాచాయి.
అన్నీ ఒకే వైపు.
చెక్కల మధ్య గోరంత చీలిక ఉంది,
అందులోంచి జారే హార్బరు ఎండ వైపు.

"ఏటి సిన్నాన్నా, దెయ్యాల్నాగున్నాయి!"
లోవరాజు. కొత్త గుంటడు, మొదటి వేట.
మొలకంటే పెసలే తెలుసు వాడికి.

సరంగు దానయ్య పైనుంచి కేకేశాడు:
"ఒగ్గేకండి, డబ్బులెట్టి కొన్నవి!
మొలకలు పీకేసి కూరొండెయ్!"

ఐసు పెట్టె బోర్లించి కూర్చుని కత్తి తీశాను.
పదకొండేళ్లుగా ఈ బోటులో పొయ్యి నాది.
నడిసముద్రంలో కడుపు తిప్పితే
ఒడ్డు పద్దెనిమిది గంటలు.

ఒకసారి పచ్చబడిన దుంపలే వండాను.
తెలియక కాదు, బద్ధకం.
మరిగితే ఏ విషమైనా చస్తుందనుకున్నాను.
చావదది.
ఆ రాత్రి ఏడుగురం బోటు అంచు పట్టుకుని
చేపలకి మేత వేశాం.
అప్పటి నుంచీ నా నాలుక మీద
ఒక చేదు కాపలా కాస్తుంది.

ఇదిగో, ఇది రాయిలా గట్టిగా ఉంది, మొలక వడ్లగింజంత.
పుల్ల విరిచినట్టు విరిస్తే మొదలు లోపలే ఉండిపోతుంది,
కత్తి మొన దింపి కన్ను చుట్టూ గుంట తవ్వాలి.
ఇది తినొచ్చు.

ఇది ముసలి బుగ్గలా లొత్తపడింది. నీళ్లలోకి.

ఇవి చీలిక కింద ఉన్నవి.
పైన పచ్చన, తొక్క గీస్తే లోపలా పచ్చన.
వెలుగు ముందు తాకింది వీటినే,
ముందు చేదెక్కిందీ ఇవే.
పచ్చదనం అన్నిచోట్లా మంచిది కాదురా గుంటడా.
నీళ్లలోకి.

బుడుంగుమన్నప్పుడల్లా
దానయ్య మొహంలో నాలుగు రూపాయలు మునిగాయి.

సంచి అడుగున రెండు చిలగడదుంపలు,
కాల్చుకు తినమని నూకరత్నం మూట కట్టినవి,
ఊదారంగు చివుళ్లు వేసి కూర్చున్నాయి.
లోవరాజు విసరబోయాడు.
ఆగు. ఇది వేరే కులం దుంప.
దీని మొలకలో కుట్ర లేదు.
దుంప తిను, ఆకు వేయించుకు తిను.
కాస్త తీపి తగ్గుతుంది,
మొలకకి పెట్టింది పోగా మిగిలింది కదా.

"సూడగానే ఎలా తెలుస్తాది సిన్నాన్నా
ఏది ఏటో?"
తెలీదురా.
ఒక్కొక్కదాన్నీ నొక్కి చూడాలి.

ఈ అరవై ఒక్క రోజులూ
పెదజాలరిపేట గదిలో రేకుల కప్పు చూస్తూ పడుకున్నాను నేనూ.
నూకరత్నం రోజూ నా జబ్బ నొక్కి చూసేది.
"మెత్తబడిపోతన్నావు" అనేది.
ఇంకేమీ అనేది కాదు.

చిలగడదుంపల్ని విరిగిన థర్మోకోల్ పెట్టెలో ఇసక పోసి పాతి
ఆటోలో ఆవిడకే పంపించాను.
నీళ్లు తక్కువ పొయ్యమని చెప్పించాను.

ఇరవై కిలోల్లో పదకొండు మిగిలాయి.
ఎండురొయ్యలు, ఉల్లికారం, చింతపండు పులుసు.
డాల్ఫిన్స్ నోస్ దాటి
ఒడ్డు ఇంకా కంటికి ఆనుతుండగానే వండేశాను, ఎందుకైనా మంచిదని.

మొదటి ముద్ద నాదే.
నమిలాను. చేదు లేదు.
అయినా కాసేపు ఆగండన్నాను.

కంచాలు ఒళ్లో పెట్టుకుని
ఆరుగురూ
నా దవడ వైపే చూస్తున్నారు.