గరగర మొదలయ్యే చోటు

అప్పుడు నా జీతం నెలకు పదిహేను వందలు.
నా పని నడుచుడు.

చేతిల చిన్న రేడియో, జేబుల సుద్దముక్క.
అడ్డగుట్ట మీద రేకుల గదిల
గాలయ్య సారు మైకు ముందర కూసొని
ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంటే
నేను గల్లీలు దిగుకుంట పోయేటోణ్ణి.
ఎక్కడ ఆయన గొంతుల ఇసుక పడ్డదో
అక్కడ ఆగి గోడకు గీత కొట్టేటోణ్ణి.
మెట్టుగూడ దిక్కు కిరాణం షట్టరు మీద ఒకటి.
రైల్వే క్వార్టర్ల దిక్కు నీళ్ళ ట్యాంకు కాలు మీద ఒకటి.
తుకారాంగేటు దిక్కు నర్సుబాయి ఇంటి గోడకు ఒకటి.
"నిన్ననే సున్నమేసిన గద రా!" అని ఆమె వెంటపడ్డది.
ఆ పొద్దు లెక్క ఏడు వందల పదకొండు దాక పోయింది.
నడుమ సారుకు దగ్గొచ్చింది.
దగ్గు సుత ట్యాంకు దాక వచ్చింది.

గది గోడలకు గుడ్ల అట్టలు,
హోటళ్ళల్ల అడుక్కొచ్చి అతికించినవి.
వానాకాలం నీసు వాసన కొట్టేటివి.
ఆ వాసనలనే పొద్దుగాల ఆరింటికి ఖుర్షీద్ అక్క గొంతు:
"ఇయ్యాల నల్లా ఏడింటికి. సన్నగ వస్తది.
కింది గల్లీలోళ్ళు మోటర్లు పెట్టకుండ్రి."
మా మొదటి వార్త అదే,
ఎన్నో దినాలు ఆఖరి వార్త కూడా.

తప్పిపోయిన మేక. దొరికిన తాళపుచేతులు.
పెండ్లిల మారిపోయిన ఇత్తడి గంగాళం,
దాని సంగతి నాలుగు రోజులు చెప్పినం.
ఎవ్వరు రాలే.

ఒక పగటీలి అక్క మైకు బందుచేసుడు మరిచి
చాయ్ పెట్టనీకి లేచింది.
పదకొండు నిమిషాలు బస్తీ అంతా విన్నది:
తడిసిన అగ్గిపుల్ల గీసుడు, మళ్ళ గీసుడు,
గాజులు, అల్లం దంచుడు,
తనల తనే ఒక లెక్క.
మందులకు ఇంత, పిల్ల ఫీజుకు ఇంత,
సరిపోక మళ్ళ మొదటికెళ్ళి.
ఎవ్వరు స్టేషన్ మార్చలేదట.
తెల్లారి తలుపు సందుల మూడు కవర్లు,
ఒక్కదాని మీద పేరు లేదు.
అక్క వారం రోజులు మైకు దగ్గరికి రాలే.

తర్వాత హైదరాబాద్ ఎత్తు పెరిగింది.
తొమ్మిదంతస్తుల బిల్డింగు ఒకటి లేస్తే
దాని వెనుక గల్లీలన్నిట్ల సారు మూగవోయిండు.
మళ్ళ సుద్దముక్క పట్టుకొని పోయిన.
ట్యాంకు గీత ముప్పై అడుగులు ఇవతలికొచ్చింది,
మరుసటేడు కల్లు దుకాణం మూల దాక.
నర్సుబాయి రేడియో వంటింట్లకెళ్ళి గడప మీదికొచ్చింది,
గడప మీదికెళ్ళి డాబా మీదికి,
అక్కడ పిట్టగోడ ఈ చివరికి.
"మీ సారు వెనక్కి నడుస్తున్నడా ఏంది?"
లేదమ్మా, అక్కడనే కూసున్నడు అన్న.
ఆమె నమ్మలే.

లైసెన్సు గడువైపోయింది. పైసలు జమకాలే.
ఆఖరి దినం పెద్ద మాటలేం లేవు.
సారు మళ్ళ ఒకటికెళ్ళి లెక్క మొదలుపెట్టిండు.
నేను గుట్ట దిగలే,
తలుపు దగ్గరికేసి బయట నిలబడ్డ.
అట్టలు మంచిగ పనిచేసినయి,
లోపటి మనిషి గొంతు ఇంత కూడా బయటికి రాలే.
చేతిల రేడియోల మాత్రం
నలభై రెండు, నలభై మూడు.

గంగాళం మా ఇంట్లనే ఉన్నది.
అడుగున సొట్ట, అంచుకు ఎవరివో రెండక్షరాలు.
ఎండాకాలం దాంట్లనే నీళ్ళు పట్టుకుంటం.

మొన్న కూరగాయల బండి కాడ నర్సుబాయి
నా గొంతు విని ఇటు తిరిగింది.
చూపు ఆనుతలేదు ఆమెకు.
"పిలగా, రేపు నల్లా ఎన్నింటికి?"

నాకేం తెల్సు.
అయినా గొంతు సవరించుకున్న.