నీలం సున్నలు

పాలాయన రాని రోజుకు ఎర్ర గీత,
కంప్యూటర్ పడిపోయిన రోజుకు నీలం సున్న.
మా వంటింటి క్యాలెండర్ మీద
మార్చి నుంచి ఎటు చూసినా సున్నలే.

ఏడో తరగతి సోషల్ పేపరు.
"ఖాళీలు పూరింపుము" అని కొట్టిన్నో లేదో
తెరంత ఒకటే నీలం,
పక్కకు ఒరిగిన ఓ ఏడుపు మొఖం,
కింద శాతాల లెక్క.
నూరు దాక పోతది,
మల్ల మొదటికే వస్తది.
కల్వకుర్తిల మూడు స్కూళ్లకు పరీక్ష పేపర్లు కొట్టేది నేనే.
ఇంగ్లీషు పేజీ ఇరవై,
తెలుగైతే ఇరవై ఐదు, ఒత్తులుంటయ్ గద.

జహంగీర్ వచ్చిండు.
ర్యామ్ పీకి, మా పిల్ల జామెట్రీ బాక్సుల రబ్బరుతోని
దాని పసుప్పచ్చ పండ్లు తోమిండు.
నాలుగు రోజులు మంచిగుండె.
మల్లొచ్చి ఫ్యాను ఊదిండు,
ఇల్లంత తుమ్ములు.
ప్రాసెసర్ మీద తెల్ల పేస్టు పూసి
"వేడికి, అక్కా" అన్నడు.
మూడోసారి ఎస్‌ఎంపీఎస్ మార్చిండు, తొమ్మిది వందలు.
నాలుగోసారి మొత్తం తుడిచి
విండోస్ కొత్తగ ఎక్కించిండు.
నా ఫాంట్లు పోయినయ్.
పదకొండేండ్ల పెండ్లి కార్డులు పోయినయ్,
ఎవరెవరి లగ్నాలో, ఎవరెవరి ఇంటిపేర్లో.
ఐదోసారి ఫోనెత్తలే.

"కొత్తది కొందాం తియ్" అన్నడు మా ఆయన.
ఎన్ని పేజీలు కొడితే కొత్తదొస్తదో
మనసుల లెక్కేసుకున్న.
పైకి చెప్పలే.

జూన్ల ఒక రాత్రి
పాల లెక్క చూస్తుంటె కండ్లకు తట్టింది.
ఎర్ర గీత ఉన్నకాడ నీలం సున్న లేదు.
దాని పక్క రెండు మూడు గళ్లు గూడ ఖాళీ.
ఏప్రిల్ల అట్లనే. మేల అట్లనే.
పాలాయన ఎప్పుడు రాడు?
వాన పడి తొవ్వ బురదైతె రాడు.

వాన పడితె నా కంప్యూటర్ మంచిగుంటదని
ఎవరికి చెప్పాలె? నవ్వరా?

పక్కింటి మోటరు స్టార్టర్ చూడొచ్చిన కుర్మయ్య నవ్వలే.
జేబుల టెస్టర్ తీసి
కంప్యూటర్ డబ్బ రేకుకు ఆనిచ్చిండు.
టెస్టర్ కడుపుల చిన్న ఎర్ర మంట.
"ముట్టుకుంటె చిమచిమ అంటలేదా అక్కా?"
అంటుండె.
కొట్టీ కొట్టీ నా చేతులే తిమ్మిరెక్కుతున్నయనుకున్న.

"ఎర్తింగ్ ఏడ ఉంది?"
ఇంట్ల ఎవరూ మాట్లాడలే.
మా ఆయన పైకప్పు దిక్కు చూసిండు.
మా అత్త మణెమ్మ వాకిట్లకొచ్చి
కొత్త టైల్ మీద మడిమతోని తట్టింది.
"ఈడ.
నేను బోళ్లు తోమే బండ కింద.
బొగ్గు, ఉప్పు పోసి పూడ్చిండ్రు.
బొగ్గు మోసింది నేనే."

మాఘంల టైల్స్ ఏపిస్తిమి.
లోపల సింకు పెట్టిస్తిమి.
పందొమ్మిదేండ్లు అన్నం గిన్నెల కడుగు,
బియ్యం కడుగు, బూడిద నీళ్లు
ఆ నేలల్నే ఇంకుతుండె.
మేము మంచిగ సిమెంటు మూత పెట్టి
కుడితి కాలువకు మలిపినం.

కుర్మయ్య ఒక్క టైల్ పగలగొట్టిండు.
పైపు మొన తుప్పు పట్టి కనబడ్డది.
రెండు బకెట్లు పోస్తె
గుటుకు గుటుకుమని చప్పుడు.
మల్ల టెస్టర్ పెడితె మంట లేదు.
రెండొందలు ఇయ్యబోతె నూరే తీసుకున్నడు.

జులైల ఒక్క సున్న ఉంది,
పదిహేడో తారీకు. ఆ రోజు వాన గూడ పడ్డది.
"ర్యామే అక్కా, నేను ముందే చెప్పిన" అంటడు జహంగీర్,
ఇప్పుడు ఫోనెత్తుతున్నడు.
ఉండొచ్చు. రబ్బరు డ్రాయర్లనే పెట్టుకున్న.

పొద్దుగూకితె మా అత్త
చాయ్ తాగిన తన ఒక్క గ్లాసు పట్టుకొని
పగిలిన టైల్ కాడ కూసుంటది.
తీరువడిగ తోమి, తొలిపి, నీళ్లు అండ్లనే వంపుతది.
"లోపల సింకుంది గదత్తా" అంటె
"అండ్ల పోస్తె తాగెటోళ్లు ఎవరున్నరు?" అంటది.