రిసెప్షన్ బోర్డుకు చిత్తుప్రతి

డిగ్రీల హిస్టరీ చదివినోన్నని
మేనేజరు నాకే అప్పజెప్పిండు:
హోటలు చరిత్ర, నూరు మాటల్లో.
చదివితే గెస్టు పానం చల్లబడాలె.

ముందుగాల గుర్రాల గురించి రాసిన.
ఇయ్యాల ఆవిరి గది ఉన్నకాడ
అప్పట్ల దొర గుర్రాల కొట్టం.
గులాబీ రెక్కలు తేలే ఈ రాతి తొట్టి
అవి మూతులు ముంచిన తొట్టే.
గుట్టకింది ఒంటిబండను
వల్లెపు పెద్దులు రెండెండకాలాలు తొలిచిండు.
కూలి ఎంతిచ్చిన్రో ఏ కాగితంల లేదు.
అంచు మీద ఉలి జారిన గీత ఒకటున్నది,
సరిగ్గ గెస్టులు తల ఆనించే చోట.

"గుర్రాలుండనీ, తొట్టి ముచ్చట తీసెయ్" అన్నడు.

తర్వాత మిలిటరీ దిగింది.
తొట్ల తుపాకులు కడిగిన్రంటది మా సైదమ్మవ్వ.
ఇంకేం కడిగిన్రే అంటే
బువ్వ తిన్నవా బిడ్డా అంటది.
అది నేనే రాయలే.

ఆ వెనక పశువుల దవాఖాన.
డాక్టరు కంటే తాళమే ఎక్కువ దినాలు కొలువు చేసింది.
ఒక యేడు పట్నపోళ్లు సీసాలు పట్టుకొచ్చి
బోరింగు నీళ్లు తీస్కపోయిన్రు,
మళ్లొచ్చి దానికి ఎర్రరంగు పూసిన్రు: తాగొద్దని.
అప్పటికే మా బడిల
నవ్వితే అందరి పండ్లదీ ఒకటే రంగు,
అవ్వ మోకాళ్లు వంగుడు మరిచినయి.

ఇప్పుడు గేటు కాడ పెద్దక్షరాలు:
'భూగర్భ ఖనిజ జలస్నానం, గంటకు మూడువేల ఐదొందలు.'
అబద్ధమనలేం.
ఖనిజమైతే ఉన్నది.
తాగనీకి మాత్రం కృష్ణానీళ్ల ట్యాంకరు
పొద్దుగాల నాలుగింటికి, లైట్లార్పుకొని వస్తది.

మొన్న ముసుర్ల గెస్టులెవ్వరూ లేరు.
వాచ్‌మన్ బాలనర్సును బతిమాలి
రాత్రి అవ్వను తొట్ల కూసోబెట్టిన, చీరతోనే.
ఉడుకునీళ్లకు "అబ్బా" అని ఒక్క మాట,
ఆమెకు చూపు ఆనదు, వేలే నడిచి నడిచి
గీత కాడ ఆగింది.

"మా నాయిన దగ్గిండు ఆ రోజు.
నేను గట్క గిన్నె పట్టుకొని ఈడ్నే నిలవడ్డ.
దొర జూస్తే ఎట్ల అని
ఎంగిలిచేత్తోటి అద్ది అద్ది తుడిచిండు,
రాయి మీది గీత పోతదా పిచ్చోడు."

నాకంటే ముందే నవ్వింది.
నీళ్లు చల్లారేదాంక లేవనన్నది.

తెల్లారి మేనేజరు లెక్కబెట్టి చెప్పిండు,
కొట్టేసినయి పోను నాలుగు మాటలు తక్కువైతున్నయని.
రాసిచ్చిన:
'వల్లెపు పెద్దులు దగ్గుకుంట చెక్కిండు.'

బోర్డు ఇంకా పెయింటరు కాడ్నే ఉన్నది.