ముంజేతి పేజీ

హవల్లీలో పాత పుస్తకాల కొట్టు.
ఏసీ నుంచి కారే నీళ్ళకి కింద పెట్టిన డబ్బా
సగం నిండింది.
వంటల పుస్తకాలకీ, కార్ల రిపేరు పుస్తకాలకీ మధ్య
మూడే మూడు ఎముకల పుస్తకాలు.

మొదటిది ఇటుక.
ఎత్తడానికి ఒక మంచి భుజం కావాలి,
పూర్తి చెయ్యడానికి ఆర్నెల్ల సెలవు కావాలి.
నాకున్నవి ఎడమ భుజం నొప్పి, శుక్రవారం మధ్యాహ్నాలు.

రెండోది సన్నం. అంతా బాణాలూ పట్టికలూ.
పసుపు డబ్బాల్లో "ఇది తప్పక అడుగుతారు".
మణికట్టులో ఎనిమిది ఎముకలు గుర్తుండటానికి
నలుగురిలో పలకలేని ఒక వాక్యం.

మూడోదాని అట్ట ఊడిపోతే
ఎవరో వార్డులో వాడే ప్లాస్టరుతోనే అంటించారు.
ముడత లేదు, బిగువు లేదు.
కట్టింది పనితెలిసిన చెయ్యి.

పరీక్షకి డెబ్బైమూడు రోజులు.
అందులో నైట్ డ్యూటీలు ఇరవై ఎనిమిది.
నిరుడు ఇంకో పుస్తకం మూడుసార్లు చదివి తప్పాను,
ఇప్పుడు గుర్తున్నది దాని కాగితం వాసన.
"సన్నది కొను తస్నీమ్," అన్నాడు నిరుడే పాసైన జకరయ్య,
"పరీక్ష ఎముకల గురించి కాదు, పరీక్ష గురించే."
గదిలో ఎల్షీబా ఓటు మాత్రం లావుదానికే:
"ఫెయిలైతే తలకింద పెట్టుకోవచ్చు గదా అక్కా."

నేను పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చూడను.
ఆ వారం ఎవరికి కట్టు వేశానో అక్కడ తెరుస్తాను.
ఈ వారం ఓబుళమ్మ.
రైల్వే కోడూరు దగ్గర పల్లె, ఇక్కడ సాల్మియాలో ఇంటిపని.
"బాత్రూములో జారి పడితి మేడం" అంది.
పక్కన నిలబడ్డ ఇంటావిడ
(మామా అని పిలుస్తారు ఇక్కడ, మనవైపు మామ కాదు)
అవునని తలూపింది,
తెలుగు ఒక్క ముక్క రాకుండానే.

జారిపడ్డవాళ్ళు అరచెయ్యి ఆనిస్తారు.
మణికట్టు విరుగుతుంది.
ఓబుళమ్మకి మణికట్టు చెక్కుచెదరలేదు.
ముంజేతి నడుమ, చిటికెనవేలి వైపు ఎముక ఒక్కటే,
చెరుకుగడలా అడ్డంగా.
"పుత్తూరు కట్టు మాదిరి గట్టిగా కట్టు మేడం,
పనికి పోవాల."
ఇంకేం అడగలేదు తను.
నేనూ.

ఇటుకలో ఆ విరుపుకి రెండు పేజీలు:
ప్లేటు ఎప్పుడు, స్క్రూలు ఎన్ని.
సన్నదాంట్లో ఒక పసుపు డబ్బా:
"లాఠీ విరుపు. మొహానికి చెయ్యి అడ్డం పెట్టినప్పుడు.
తప్పక అడుగుతారు."
అడుగుతారు, పరీక్షలో.

మూడోదాంట్లో అచ్చయిందీ అదే.
అంచున పెన్సిలు. డాక్టరు రాతే, అయినా చదవొచ్చు:
"నువ్వు అడుగు.
ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అడుగు.
నేను అడగలేదు."

డబ్బాలో చుక్క పడింది.
ఇంకోటి.

నిజం చెప్పాలంటే సన్నదే కొన్నాను.
పదకొండు దీనార్లు, బేరమాడితే తొమ్మిదిన్నర.
పాసు కావాలి నాకు.
కొట్టు పెద్దాయన చెవిమీది పెన్సిలు అడిగి తీసుకుని
ఆ మూడు ముక్కలూ పసుపు డబ్బా పక్కన ఎక్కించుకున్నాను,
కాపీ కొట్టే పిల్లలా
చెయ్యి అడ్డం పెట్టుకుని.
కట్టు కట్టిన పుస్తకాన్ని మళ్ళీ అరలోనే ఉంచాను,
తర్వాత వచ్చేవాళ్ళకి వెన్ను కనబడేలా.

గురువారం ఓబుళమ్మ వస్తుంది. ఆవిడా వస్తుంది.
ఆవిణ్ణి బయట కూచోబెట్టే కిటుకు
పుస్తకంలో లేదు, చివరి పేజీ దాకా వెతికాను.

ఇంకో ఎక్స్‌రే రాస్తాను.
ఎముకకి అక్కర్లేదు.
కానీ ఆ తలుపు మీద ఎర్రలైటు వెలిగిందంటే
ఎంతటి ఇంటావిడైనా వరండాలో నిలబడాల్సిందే.
రెండు నిమిషాలు దొరుకుతాయి.

డెబ్బైమూడు రోజుల చదువు పక్కన పెట్టి
ఈ రాత్రి ఆ రెండు నిమిషాలకే చదువుతున్నాను:
మా కడప తెలుగులో
మొదటి మాట ఏది అయితే
చెయ్యి అడ్డం పెట్టుకోదో.