ఎనుముగుట్ట, తొమ్మిదో అంతస్తు

గుట్టలు నడిచే కాలంలో, అంటుంది నాగులక్క అవ్వ,
పెనుకొండ దిక్కు నుంచి మనతో పాటే వచ్చిందిరా ఇది.
ముందర సమ్మెటలు, ఉలిసంచులు, చంకన బిడ్డలు,
వెనకాల ఎనుము మాదిరి నెమరేసుకుంటా గుట్ట.
దేవనహళ్ళి దాటినాక దానికి కాళ్ళు పట్టేశాయి.
"ఇంక లేవను. ఆకలైతే నన్నే తినండి,
తోక కాడ మొదలుపెట్టి కొంచెం కొంచెం.
తల మాత్రం ముట్టద్దు" అనిందంట.

తిన్నాం. ఎన్ని తరాలో అవ్వకూ లెక్క లేదు.
రాత్రంతా చింతమొద్దులు కాలిస్తే
తెల్లారుజామున పరుపుబండ ఒక నిట్టూర్పుతో లేచేది.
ఆ సద్దు కడుపుతో ఉన్నవాళ్ళు వినకూడదని
మా అమ్మను అయిదు నెలలు హొసకోటెలో ఉంచారు.
అయినా నేను విన్నట్టే ఉన్నాను,
లిఫ్టు తాడు ఎక్కడైనా వదులైతే
మీటరు కంటే ముందు నా పక్కటెముకకు తెలుస్తుంది.

ఉలితో తట్టితే గంటలా మోగేది మగరాయి, స్తంభానికి.
తాళంలా పలికేది ఆడరాయి, రోలుకు.
ఏమీ పలకనిది గడపకు.
మరి నేనేం రాయి అని అడిగితే
అవ్వ నా నెత్తిన మొట్టి, చెవి ఒగ్గి,
"పలకలేదురా" అని నవ్వింది.

గుట్ట ఊళ్ళోకి పోయిన దారులు నాకు తెలుసు:
కోర్టు మెట్లు, శివాజీనగర కాలిబాట,
దొరల సమాధుల మీద పలకలు,
ఎవరో సేటు వాకిట్లో రాతి ఏనుగు.
దాని దంతం ఒకటి మా పెదనాన్న చేతిలో విరిగింది,
వారం కూలి కోసుకున్నారు.

తర్వాత టెండర్లు. క్రషర్లు.
తోక అయింది, వీపు అయింది,
మెడ దగ్గర లారీలు తిరిగేంత దోవ పడింది.
తల మీద దీపానికి చిన్న గుంట ఉండేది,
శ్రావణ శనివారం ఆముదం పోసే గుంట.
అక్కడ మందు కూరడానికి మూడు దినాలు ఎవరూ ఎక్కలేదు.
నాలుగో దినం ఒకాయన ఎక్కాడు.
ఎర్రగుడ్డ ఊపి, మూడుసార్లు "మందో" అని కేకేసి,
వత్తి అంటించి దిగాడు.
అవ్వ కథలో ఆ మనిషికి పేరు లేదు.

మొన్న ఆదివారం తాత మునిచౌడప్పను
నేను చూసుకునే లిఫ్టు ఎక్కించాను.
అద్దాల లిఫ్టు, పద్నాలుగు అంతస్తులు.
బిల్డింగు పేరు హిల్ వ్యూ.
చదివి చెబితే, "గుట్ట యాడా కనపడదే" అన్నాడు.
రాతిదుమ్ము తిన్న రొమ్ము ఆయనది,
మాటకూ మాటకూ నడుమ మెట్టు వెతుక్కుంటాడు.

ఆరు. ఏడు. ఎనిమిది.
"నిలుపు."
నంది బెట్ట భుజమూ, మన చెరువు తూమూ
ఒకే గీత మీదికి వచ్చాయన్నాడు.
ఇంకో అంతస్తు పైన కుదరదట, కింద కుదరదట.

చెప్పులు లిఫ్టు గడపలోనే విడిచాడు.
తలుపు మూసుకోబోయి, చెప్పులకు తగిలి,
మళ్ళీ తెరుచుకుని, మళ్ళీ మూసుకోబోయి.
పదకొండు అడుగులు నోట్లో లెక్కపెట్టుకుంటూ నడిచి
ఒక తలుపు ముందు, ఎవరి పాపదో
మూడు చక్రాల సైకిలు పక్కన ఆగాడు.
"ఇంకా నాలుగడుగులు లోపల."
లోపల మిక్సీ తిరుగుతోంది.

"ఈ ఇల్లు ఎంతరా?"
కోటీ నలభై లక్షలు అన్నాను.
సున్నాలు వేళ్ళ మీద పెట్టుకుని చూశాడు, చాలలేదు.
"నాకు రెండువందలిచ్చిరి," అన్నాడు,
"ఆ దినం. మామూలు దినాల్లో ఎనభై."

మిక్సీ ఆగింది.
తలుపు తీసేలోగా మేం మెట్ల దగ్గరున్నాం.
ఆయన ముందు దిగాడు, గుట్ట దిగినట్టే,
ఒక పక్కకు తిరిగి, మడమ మోపి, చూసి, మడమ మోపి.
చెప్పులు పట్టుకుని వెనక నేను.

సాయంత్రం లాగ్‌బుక్కు నింపాలి.
తొమ్మిదో అంతస్తు, తలుపు మూసుకోలేదు, ఏడు నిమిషాలు.
కారణం రాసే గడి చిన్నది.
చెప్పులు, అని రాశాను.