మూడు నంబర్లు

చీమకుర్తి నల్లరాయికి
పన్నెండేళ్ళు మెరుపు పెట్టినోణ్ణి.
ఇరవయ్యో తారీఖు నుంచి రావద్దన్నారు, వయసైందని.

ఒంగోలు ఈఎస్ఐ ఆఫీసులో గుమస్తా
నా దగ్గు ఆగేదాకా ఆగి చెప్పాడు:
"ఏడాదికి నూట ఇరవై కట్టు పెద్దయ్యా,
నీకూ మీ ఇంటావిడకీ వైద్యం సాగుద్ది.
అయితే అయిదేళ్ళ సర్వీసు కనపడాల."

నూటిరవయ్యేనా!
నెలకో టీ మానేస్తే చాలు.

కనపడలా.
ఫ్యాక్టరీ చేతులు మారినప్పుడల్లా
నాకో కొత్త నంబరు, నాలుగేళ్ళకొకటి:
ఒకదాంట్లో షేక్ దస్తగిరి,
ఒకదాంట్లో దస్తయ్య,
మూడోదాంట్లో పుట్టిన తేదీయే లేదు.

ముగ్గురూ ఒకడేననడానికి
రుజువేంది అన్నాడు.

ఎక్స్‌రే కవరు బల్లమీద పెట్టా.
ముగ్గురు పీల్చిన దుమ్మూ
ఇందులోనే ఉంది సార్.
మేనేజరు సంతకమొక్కటే లేదు.