ఖాళీ చెయ్యి

అరవై వేల అడ్వాన్సు
ఎనిమిది నెలల్లో కరిగింది.
నెలకు ఏడున్నర వేలు,
సిద్దగంగమ్మ నూనె మరకల నోటుబుక్కులో
అంకె పక్కన అంకె కొట్టేస్తూ వచ్చింది.
కిందటి అమావాస్యకు సున్నా.
కళ్ళజోడు లేక ఆ సున్నాను రెండుసార్లు దిద్దింది పాపం.
సున్నం కొట్టించడానికి ఒక నెల బాడుగ పట్టుకుంటారు ఈ ఊళ్ళో,
అది వదిలేశాను పో అంది.

ఆ సాయంత్రమే గేటుకు పలక కట్టింది.
బొమ్మనహళ్ళి మూడో క్రాసులో
మేము లోపల అన్నం తింటూ ఉండగానే
మా ఇల్లు బాడుగకు ఉంది.

ఓబులేసు పనిచేసిన లేత్ షెడ్డు మూసేశారు.
ఎక్కడికి పోయినా "సీఎన్సీ వచ్చా?" అంటారు.
ఇరవై రెండేళ్ళు ఇనుము చెక్కిన చేతులతో
ఇప్పుడు రాత్రిళ్ళు ఎవరి గేటో తీసి వేస్తున్నాడు.
నేను గంటకు ఎనభై కాలర్లు కుడతాను.
ఒక్క చొక్కా కూడా పూర్తిగా కుట్టలేదు ఇంతవరకు.

"ఖాళీ మాడి" అంది ఆమె మెట్ల కింద నుంచే,
పైకి ఎక్కకుండా.
ఆమెకూ బ్యాంకు వాయిదా ఉంది,
ఈ మేడ మీది రెండు గదులూ అప్పు మీదే లేచాయి.
ఆ మాటకు తర్జుమా అక్కర్లేదు.
మా భాషలో ఇంకా పొదుపు.
ఖాళీ చెయ్యి.
ఇల్లు విడవమని చెప్పేదీ అదే,
విడిచేవాళ్ళ దగ్గర మిగిలేదీ అదే.

ఆదివారం చూడ్డానికి ఒక జంట వచ్చింది.
పావగడ వైపు పిల్ల, తెలుగే.
నా ఇంటిని నేనే చూపించాల్సి వచ్చింది.
చాప చుట్టి మూలకు పెట్టి
చారు గిన్నె మీద మూత వేసి
"లోపలికి రామ్మా" అన్నాను, చుట్టానికి అన్నట్టు.

ఆ అబ్బాయి గోడలు తట్టి చూశాడు.
ఆ పిల్ల మావాడి లెక్కల పుస్తకం తొక్కకుండా దాటి
"అక్కా, ఇల్లు మంచిదేనా?" అంది.

చెప్పి ఉండొచ్చు.
ఎలుకలని, చెమ్మ అని,
ఎదురింట్లో తాగి కొట్టుకుంటారని.
నాలుక చివరి దాకా వచ్చింది.
ఇంకో నెల దొరికేది.

నోరు మాత్రం ఇంకేదో చెప్పింది:
కావేరి నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లారి నాలుగింటికి.
డ్రమ్ము ముందురోజే కడిగి పెట్టుకో.
బాత్రూం గొళ్ళెం కాస్త ఎత్తి వెయ్యాలి.
మూడో స్విచ్చు తడిచేత్తో ముట్టొద్దు.
పదకొండింటికి ఇదిగో ఇక్కడ, గచ్చు మీద
జానెడు ఎండ పడుతుంది.
వడియాలకు చాలదు,
కూర్చుని బియ్యం ఏరుకోవడానికి చాలు.

"అడ్వాన్సు ఎంతంట?"
"అరవై" అన్నాను.
ఆ పిల్ల చెయ్యి దానంతటదే పోయి
మెడలో సన్న గొలుసును పట్టుకుంది.
నా చెయ్యి చెవికి పోయింది.
అక్కడ చీపురుపుల్ల తగిలింది.

"ఏమన్నారు?" అంది సిద్దగంగమ్మ కింద నుంచి.
నచ్చిందంట అన్నాను.
ఆమె ఇంకేమీ అనలేదు. మోటారు ఆపేసింది.

ఓబులేసు విజిల్ జేబులో వేసుకుంటూ
ఎవరైనా వచ్చారా అని అడిగాడు.
మీటరు చూసేవాడు అన్నాను.

రేపు నీళ్ళ రోజు.
పట్టేది ఎవరైనా కానీ,
డ్రమ్ము కడిగి బోర్లించాను.